మీకు తెలుసా? పత్తి పోగు ఒక్కటే కణం

కణం అనగానే ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలోని రంగుల బొమ్మ, దాని చుట్టూ బాణం గుర్తులు, పక్కన పేర్లు గుర్తొస్తాయి. పరీక్ష అయిపోయాక ఆ బొమ్మను మళ్లీ తలచుకునేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం చేలల్లో, పెద్ద చెరువులో, కూరగాయల బండి మీద, వంటింట్లో కణాలను వెతుకుదాం. కణం గురించి ప్రపంచం తెలుసుకున్న సంగతుల్లో కొన్ని మన దగ్గరో, మన వాళ్ల చేతుల మీదుగానో తేలాయి. అవీ చెప్పుకుందాం.

పింజ పొడవు అంటే కణం పొడవే

పగిలిన పత్తికాయలోంచి ఒక్క పోగు లాగి వెలుతురుకు పెట్టి చూడండి. రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఉండే ఆ పోగు మొత్తం ఒకే ఒక్క కణం. మన ఒంట్లో మామూలు కణం మిల్లీమీటరులో వందో వంతు ఉంటుందనుకుంటే, పత్తి పోగు దానికి రెండు మూడు వేల రెట్లు పొడవు. మందం మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతే.

పత్తి గింజ పైపొరలోని కణాల్లో కొన్ని, పువ్వు విచ్చిన రోజే బయటికి పొడుచుకు రావడం మొదలుపెడతాయి. పత్తి పువ్వు మొదటి రోజు తెల్లగా ఉండి మర్నాటికి గులాబీ రంగుకు తిరగడం రైతులందరికీ తెలిసిందే. ఆ రంగు తిరిగేసరికే లోపల గింజల మీద పోగుల పని మొదలైపోయి ఉంటుంది. మూడు వారాలకు అటూ ఇటూగా ఆ కణం రెండుగా చీలకుండా, ఒక్కటిగానే సాగుతూ పోతుంది. లోపలి రిక్తిక అనే సంచిలో నీరు చేరుతుంది, ఆ ఒత్తిడికి పలుచటి గోడ సాగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో వాన మొహం చాటేస్తే పింజ పొట్టిదవడానికి కారణం ఇదే.

పొడవు ఆగాక రెండో పని మొదలు. గోడ లోపలి వైపు సెల్యులోజు పొర మీద పొర పేరుకుంటుంది. కాయ పగిలే నాటికి కణం చనిపోతుంది. లోపలి జీవపదార్థం ఎండిపోయి, గుండ్రంగా ఉన్న పోగు చదునుగా అణిగి మెలి తిరుగుతుంది. ఆ మెలికలు ఉండబట్టే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, దారం వడకడం సాధ్యమవుతుంది. కేంద్రం ఏటా పత్తికి మద్దతు ధర ప్రకటించేటప్పుడు మధ్యరకం పింజకు ఒక ధర, పొడవు పింజకు ఒక ధర అంటుంది. అంటే రైతు చేతికొచ్చే డబ్బు ఒక కణం ఎంత పొడవు సాగిందన్న దాని మీద ఆధారపడి ఉంది. ఇబ్రహీంపట్నానికి దగ్గర్లోనే ఉన్న పోచంపల్లి మగ్గాల మీద నేసిన నూలు చీరలో మిగిలి ఉన్నవి కోట్లాది కణాల గోడలే.

బట్టల వ్యాపారి చూసిన చెరువు నీళ్లు

రాబర్ట్ హుక్ 1665లో బెండు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది కూడా చనిపోయిన కణాల గోడలనే. బతికున్న ఏకకణ జీవులను మొదట చూసినవాడు శాస్త్రవేత్తగా చదువుకున్నవాడు కాదు. హాలెండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసుకునే ఆంటోనీ వాన్ ల్యూవెన్‌హుక్. బట్టలోని దారాల నాణ్యత చూడటానికి వ్యాపారులు అద్దాలు వాడేవారు. ఆయన తన అద్దాలు తనే అరగదీసుకుని, వాటిని అంతకు ముందెవరూ చేయనంత శక్తిమంతంగా తయారుచేశాడు. 1674లో ఊరికి దగ్గర్లోని ఒక సరస్సు నీళ్లు వేసవిలో పచ్చగా మారుతున్నాయని గమనించి, కొన్ని నీళ్లు గాజు గొట్టంలోకి తీసుకుని చూశాడు. చుట్టలు చుట్టుకున్న పచ్చటి పట్టీలు, వాటి మధ్య తిరుగాడే చిన్న చిన్న ప్రాణులు కనిపించాయి.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటిదని చెబుతారు. ఆయన పాలించింది 1550 నుంచి 1580 వరకు. చెరువు నీటిలో ఏకకణ జీవులు ఉంటాయని మనిషికి తెలిసేసరికి ఆ చెరువుకు దాదాపు వందేళ్ల వయసు వచ్చేసిందన్నమాట.

ఆ పచ్చదనంలో రెండు లోకాలు

మన చెరువుల్లో పచ్చగా కనిపించేదంతా ఒకటి కాదు. చేతికి జారుతూ పోగులు పోగులుగా వచ్చే పాచిలో స్పైరోగైరా ఉంటుంది. దాని కణంలో కేంద్రకం ఉంది, మెలి తిరిగిన పట్టీ ఆకారంలో హరితరేణువు ఉంది. ఎండలు ముదిరాక నీళ్లనే పచ్చగా మార్చేసే సయనోబ్యాక్టీరియా వేరు. వాటికి కేంద్రకం లేదు, హరితరేణువులూ లేవు. డీఎన్ఏకు చుట్టూ పొర ఉండదు, పత్రహరితం కణంలోపలి మడతల మీదే ఉంటుంది.

ఈ రెండింటికీ చుట్టరికం ఉందన్నదే అసలు విశేషం. వంద కోట్ల ఏళ్ల కంటే ముందు ఒక పెద్ద కణం సయనోబ్యాక్టీరియా లాంటి చిన్న కణాన్ని లోపలికి తీసుకుంది. అరిగించుకోలేదు, ఉంచుకుంది. అదే హరితరేణువుగా మారింది. అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో ఈ వాదనను గట్టిగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. తర్వాత హరితరేణువులోని సొంత డీఎన్ఏ సయనోబ్యాక్టీరియా డీఎన్ఏకు దగ్గరగా ఉందని తేలి, ఆ వాదన ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. పత్తి ఆకు పచ్చగా ఉండటానికి మూలం ఆ పాత కలయికే.

కణం లోపల ప్రవాహం

అక్వేరియం ఉన్నవాళ్లకు హైడ్రిల్లా మొక్క తెలుసు. చెరువుల్లో, కుంటల్లో నీళ్ల కిందే అల్లుకుపోయి పెరుగుతుంది. దాని ఆకు మందం రెండు వరుసల కణాలే. కాబట్టి కోయక్కర్లేదు, రంగు వేయక్కర్లేదు. ఒక ఆకును నీటిచుక్కలో పెట్టి, గాజు పలక మీద సర్ది, మైక్రోస్కోపు కింద పెడితే చాలు. బారుగా పేర్చిన కణాలు, వాటి నిండా పచ్చటి హరితరేణువులు కనిపిస్తాయి. కాసేపు వెలుతురు తగలనిచ్చి, ఆకు మధ్య ఈనె దగ్గరి కణాలను ఓపిగ్గా చూడండి. పచ్చటి చుక్కలు గోడ వెంబడి ఒకదాని వెనక ఒకటి కదులుతూ, మూల తిరిగి, అవతలి గోడ పట్టుకుని వెనక్కి వస్తుంటాయి. అవి ఈదడం లేదు. కణద్రవ్యమే ప్రవహిస్తూ వాటిని మోసుకుపోతోంది. కణం లోపల ప్రోటీను తీగలు పరిచి ఉంటాయి. వాటిని పట్టుకుని నడిచే మరో రకం ప్రోటీన్లు ఈ ప్రవాహాన్ని నడిపిస్తాయి.

ఇటలీకి చెందిన బొనవెంచురా కోర్తి ఇలాంటి ప్రవాహాన్ని 1774లోనే నీటి మొక్కల్లో గమనించాడు. పుస్తకంలో కదలని బొమ్మనే చూస్తూ పెరిగిన పిల్లలకు దీన్ని చూపించడం కంటే మంచి జీవశాస్త్ర పాఠం మరొకటి లేదని నా నమ్మకం.

పెరుగు, కల్లు

పాలను పెరుగు చేసే బ్యాక్టీరియా కణాల్లో కేంద్రకం లేదు. ఈతకల్లు పొంగడానికి తోడ్పడే ఈస్ట్ కణంలో కేంద్రకం ఉంది, మైటోకాండ్రియా ఉంది. అంటే కణ నిర్మాణం వరకు చూస్తే ఈస్ట్ పెరుగులోని బ్యాక్టీరియా కంటే మనిషికే దగ్గర.

ఉల్లి కోస్తే కళ్లెందుకు మండుతాయి?

కోయని ఉల్లిగడ్డను పట్టుకుంటే కళ్లు మండవు. మండించే పదార్థం దానిలో అప్పటికి తయారై లేదు. దానికి కావలసిన గంధకపు సమ్మేళనం కణద్రవ్యంలో ఉంటుంది. దాన్ని మార్చే ఎంజైము రిక్తికలో ఉంటుంది. మధ్యలో ఒక పలుచటి పొర. కత్తి పడగానే పొర చిరిగి రెండూ కలుస్తాయి. ఆ కలయికలో పుట్టిన పదార్థాన్ని మరో ఎంజైము క్షణాల్లో ఆవిరయ్యే కన్నీటి పదార్థంగా మారుస్తుంది. ఈ రెండో ఎంజైమును జపాన్ పరిశోధకులు 2002లో గుర్తించారు. పురుగు కొరికినా ఇదే జరుగుతుంది. అది ఉల్లి తనను తాను కాచుకునే పద్ధతి.

కణం లోపల ఇన్ని పొరలు, ఇన్ని అరలు ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. జవాబు ఉల్లిగడ్డలోనే ఉంది. ఏది దేనితో కలవకూడదో దాన్ని విడిగా ఉంచడం, ఎప్పుడు కలవాలో అప్పుడే కలపడం కణానికి ప్రాణాధారం. మన కణాల్లో లైసోజోము చేసేదీ అదే. అరిగించే ఎంజైములను పొరలో బంధించి ఉంచుతుంది. ఆ పొర చిరిగితే ఆ కణమే దెబ్బతింటుంది.

వాడిన కొత్తిమీర, మామిడి ఊట

తెల్లవారుజామున పొలంలోంచి కోసిన పాలకూర, కొత్తిమీర కట్టలు మధ్యాహ్నానికి తలలు వాలుస్తాయి. బండి మీద నీళ్లు చల్లితే మళ్లీ నిక్కుతాయి. మొక్క కణంలో రిక్తిక బాగా పెద్దది, ముదిరిన కణంలో నూటికి తొంభై వంతుల చోటు దానిదే కావచ్చు. అది నీటితో నిండి గోడను లోపలి నుంచి నెడుతున్నంతసేపే ఆకు నిలబడుతుంది. ఆకుకూరకు ఎముకలు లేవు, నీటి ఒత్తిడే దాని బలం.

మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగుతుంది. మనం జాడీలో నీళ్లు పోయలేదు, కణాల్లోని నీరే ప్లాస్మాపొర దాటి ఉప్పు ఎక్కువున్న వైపుకు వచ్చేసింది. ముక్కను పాడుచేయడానికి వచ్చే సూక్ష్మజీవుల కణాలకూ అదే గతి పడుతుంది, అందుకే పచ్చడి నిలవ ఉంటుంది. తొమ్మిదో తరగతిలో ద్రవాభిసరణం పాఠం బట్టీ పట్టే పిల్లలు ఇంట్లో ఆ జాడీ మూత ఒకసారి తీసి చూస్తే పాఠం సగం అర్థమైనట్టే.

జామకాయలో ఇసుక, కొబ్బరి నీళ్లలో కేంద్రకాలు

జామకాయ తింటుంటే గింజ కాకుండానే పంటికింద గరుకుగా తగిలేవి రాతి కణాలు. గోడలు విపరీతంగా మందమై, లోపల ప్రాణం పోయి, గుంపులు గుంపులుగా గుజ్జులో ఉండిపోతాయి. కొబ్బరి చిప్ప గట్టిదనం కూడా ఇలాంటి కణాలదే.

కొబ్బరి బొండాంలో ఇంకో వింత ఉంది. లేత బొండాం నీళ్లలో కేంద్రకాలు కణగోడలు లేకుండా తేలుతూ ఉంటాయి. ముందు కేంద్రకాలు విభజన చెందుతూ పోతాయి, గోడలు తర్వాత కడతాయి. గోడలు కట్టుకున్నవి చిప్ప లోపలి అంచుకు చేరి లేత కొబ్బరిగా మారతాయి. మొక్క కణం అంటే గోడ, దాని లోపల ఒక కేంద్రకం అని నేర్చుకున్న నియమానికి ఇది మన చేతిలోనే ఉన్న మినహాయింపు.

గుడ్డు, మేక, కోడి

దుకాణంలో కొనే కోడిగుడ్డులో పచ్చసొన మొత్తం ఒక్క కణం. తెల్లసొన, పెంకు తర్వాత చేరినవి. ఇప్పుడున్న జీవుల్లో అతి పెద్ద కణం ఉష్ట్రపక్షి గుడ్డులోని పచ్చసొన.

మాంసం కొట్టులో కోడి నెత్తుటిలోని ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది. పక్కన వేలాడుతున్న మేక ఎర్రకణాల్లో ఉండదు. చేపకు, కప్పకు, పాముకు, పక్షికి ఉంటుంది. పాలిచ్చే జంతువులకు లేదు. మన ఎర్రకణం ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడు కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. మైటోకాండ్రియాను కూడా వదిలించుకుంటుంది. మిగిలిన చోటంతా హిమోగ్లోబిన్‌కే. తనను తాను బాగుచేసుకునే సామగ్రి లేనందున దాదాపు 120 రోజులకు మించి బతకదు. మనిషి ఒంట్లో కణాలు సుమారు 30 లక్షల కోట్లని 2016లో వేసిన ఒక లెక్క. వాటిలో ఐదింట నాలుగు వంతుల పైనే ఈ కేంద్రకం లేని ఎర్రకణాలు.

బేగంపేటలో ఆగస్టు 20

ఆ ఎర్రకణంలోనే దూరి బతికేది మలేరియా పరాన్నజీవి. అదీ ఒక కణమే, దానికి కేంద్రకం ఉంది. కేంద్రకం లేని కణంలో కేంద్రకం ఉన్న కణం కాపురం పెట్టడమన్నమాట. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో రోగి రక్తంలో దాన్ని చూశాడు. అది దోమలో పెరుగుతుందని తేలింది మాత్రం సికింద్రాబాద్‌లో.

వైద్యుడు రోనాల్డ్ రాస్ అక్కడి బేగంపేటలో పనిచేస్తూ ఎన్నో దోమలను కోసి చూశాడు. వాటిలో చాలావరకు పనికిరాని జాతులు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు కొన్ని దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చి, కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున అతనికి ఇచ్చాడు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడ మీద, దోమ కణాల్లా లేని గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి. రాస్ ఆ రేణువులను గుర్తుపట్టాడు. పరాన్నజీవి ఎర్రకణంలో హిమోగ్లోబిన్‌ను తినేశాక మిగిలే రంగు పదార్థం అది, రోగుల రక్తంలో అంతకు ముందు ఎన్నోసార్లు చూసిందే. దోమ ఒంట్లో అది కనిపించిందంటే పరాన్నజీవి అక్కడ పెరుగుతోందనే అర్థం. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది. ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది.

రోజు విడిచి రోజు చలిజ్వరం ఎందుకొస్తుందో కూడా కణమే చెబుతుంది. కొన్ని రకాల మలేరియాలో పరాన్నజీవి ఎర్రకణంలో పెరిగి, అనేకంగా చీలి, దాన్ని పగలగొట్టుకుని బయటపడటానికి 48 గంటలు పడుతుంది. కణాలు పగిలే వేళకే వణుకు పుడుతుంది.

భీమవరం నుంచి మైటోకాండ్రియా దాకా

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. సైరస్ ఫిస్కే‌తో కలిసి కండరాల్లోని భాస్వరం సమ్మేళనాల మీద పనిచేశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు.

ఏటీపీ అంటే ఏమిటి? గాదె నిండా వడ్లున్నా వండుకోవాలంటే బియ్యం పట్టించాలి. మనం తిన్న అన్నంలోని శక్తి వడ్ల వంటిది, ఏటీపీ బియ్యం వంటిది. దాన్ని ఎక్కువగా తయారుచేసేది మైటోకాండ్రియా. కండరం ముడుచుకోవాలన్నా, నరం కబురు పంపాలన్నా, హైడ్రిల్లా కణంలో ఆ పచ్చటి చుక్కలు కదలాలన్నా ఖర్చయ్యేది ఏటీపీయే. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండేది గ్రాముల లెక్కే అయినా, విరగ్గొట్టి మళ్లీ కట్టడం ఎడతెగకుండా సాగుతుంది. అలా రోజంతా వాడిన ఏటీపీని కలిపితే దాదాపు మన బరువంత అవుతుంది.

తర్వాత లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసింది. కణం చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆ దారిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను వాళ్లు తయారుచేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకేన్సరు ఉన్న పిల్లలకిచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని 1948లో చూపించాడు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ మందును ఇవాళ్టికీ కేన్సరు వార్డుల్లో, కీళ్లవాతం చికిత్సలో వాడుతున్నారు. మన పిల్లల్లో ఈ పేరు తెలిసినవాళ్లు ఇంత తక్కువగా ఉండటం బాధ కలిగించే విషయం.

అమ్మ ఇచ్చిన డీఎన్ఏ

మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది. 16,569 అక్షరాల చిన్న వలయం, 37 జన్యువులు. అది మనకు వచ్చేది తల్లి నుంచే. తల్లికి ఆమె తల్లి నుంచి. అందుకే మనుషుల వలసల చరిత్ర చదవడానికి శాస్త్రవేత్తలు దాన్ని వాడతారు. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధకులు తంగరాజ్, లాల్జీ సింగ్, వారి సహచరులు అండమాన్ ఆదివాసుల మైటోకాండ్రియా డీఎన్ఏను చదివి, వారి పూర్వీకులు ఆఫ్రికా నుంచి తొలినాళ్లలో బయల్దేరినవారి సంతతి అని 2005లో ప్రకటించారు. కణాల మీద, అణువుల మీద పరిశోధనకే అంకితమైన ఈ సంస్థ 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైంది. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీదుగా బస్సెక్కితే ఒక్క పూటలో వెళ్లి రాగలిగిన దూరంలోనే ఉంది.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బడిలో బీరువాలో మైక్రోస్కోపు ఉంటే ఈ వారం బయటికి తీయండి. లేకపోతే మను ప్రకాష్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన మడత కాగితపు ఫోల్డ్‌స్కోప్ తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. ఉల్లిపొర, హైడ్రిల్లా ఆకు, పత్తి పోగు, చెరువు నీటి చుక్క: ఈ నాలుగూ చాలు, నాలుగూ ఊళ్లోనే ఉచితంగా దొరుకుతాయి. నీళ్లు తేవడానికి మాత్రం పిల్లలను ఒంటరిగా చెరువు దగ్గరికి పంపకండి, పెద్దవాళ్లే వెళ్లి సీసాలో తీసుకురండి.